జులైలోనే ఓడిపోయిన జట్టు

సంపాదకుల వారికి,

అంతర్ కళాశాలల ఫుట్‌బాల్ ఫలితాలు మీ జిల్లా పేజీల్లో చూస్తున్నవారికి, నెల్లూరు డిగ్రీ కళాశాల జట్టు ఒకటి ఈసారి ఒక్క మ్యాచ్ కూడా గెలవలేదని తెలిసే ఉంటుంది. కళాశాల పేరు రాయడం లేదు. నెల్లూరు, ప్రకాశం జిల్లాల్లో ఏ కళాశాల పేరు పెట్టుకున్నా ఈ ఉత్తరం దాదాపుగా సరిపోతుంది. ఓటమి తర్వాత వినిపిస్తున్న మాటలు రెండే. పిల్లకాయల్లో కసి లేదని ఒకరు, పీడీని (ఫిజికల్ డైరెక్టర్‌ను) మార్చాలని ఇంకొకరు. కసి సంగతి మాట్లాడేవాళ్లు 70వ నిమిషం దాటాక మైదానం వైపు చూస్తే బాగుండు.

అప్పటికి అంచున కాపలా కాసే సైడ్ బ్యాక్ ముందుకెళ్లి బంతి పోగొట్టుకుంటే వెనక్కి నడుచుకుంటూ వస్తాడు. గోల్ ముందు మధ్యలో కాపలా కాసే స్టాపర్ నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడతాడు. ఒకడు కింద పడుకుని పిక్క పట్టేసిందంటే ఇంకొకడు వాడి బొటనవేలు వెనక్కి వంచుతుంటాడు. మనవాళ్లకు పడిన గోల్స్‌లో ఎక్కువ భాగం అప్పుడే పడతాయి. పెద్ద పెద్ద లీగుల్లోనూ ఆఖరి పావుగంటలోనే గోల్స్ ఎక్కువ. అయితే అక్కడ రెండు జట్లూ అలసిపోతాయి, ఇక్కడ ఒక్క జట్టే అలసిపోతుంది. దాన్ని కసి లేకపోవడం అనరు, దమ్ము లేకపోవడం అంటారు. దమ్ము పది రోజుల్లో రాదు.

మన దగ్గర జరిగేదేమో పది రోజుల క్యాంపే. పోటీల తేదీలు రాగానే సెలక్షన్స్ పెడతారు. ఆ మర్నాటి నుంచి పొద్దున, సాయంత్రం గ్రౌండు చుట్టూ పది రౌండ్లు. ఇందులో రెండు తప్పులున్నాయి. ఫుట్‌బాల్‌లో ఎవరూ ఒకే వేగంతో పది రౌండ్లు పరిగెత్తరు. 90 నిమిషాల్లో తొమ్మిది, పది కిలోమీటర్లు తిరిగినా అదంతా నడక, చిన్న పరుగు, ఉన్నట్టుండి దౌడు, మళ్లీ నడక. రెండోది, అలవాటు లేని కాళ్లకు రోజుకు రెండు పూటలు పని చెబితే మ్యాచ్ రోజుకు ఆ కాళ్లు బరువెక్కి ఉంటాయి. తొడ వెనక కండరం మొదటి దౌడుకే లాగేస్తుంది. క్యాంపు బలం ఇవ్వడం అటుంచి, ఉన్నది కాస్తా తీసుకుపోతుంది.

కావలసింది ఎనిమిది వారాలు. మొదటి మూడు వారాలు, వారానికి మూడు రోజులు, 30 నుంచి 40 నిమిషాలు బంతితోనే తేలిక పరుగు. నాలుగో వారం నుంచి 15 సెకన్లు గట్టిగా పరుగు, 15 సెకన్లు నడక, ఇలా 8 నిమిషాలు ఒక విడత. విడతకూ విడతకూ మధ్య 3 నిమిషాల విరామం. మొదట రెండు విడతలతో మొదలుపెట్టి ఆరో వారానికి నాలుగు చేయాలి. చివరి వారం పని సగానికి తగ్గించాలి. మనవాళ్లు సరిగ్గా అప్పుడే రెట్టింపు చేస్తారు. వార్మప్‌కు ఫిఫా తయారుచేసిన 'ఎలెవెన్ ప్లస్' ఉంది: 15 కసరత్తులు, 20 నిమిషాలు, పరికరాలేవీ అక్కర్లేదు. వారానికి రెండుసార్లయినా క్రమం తప్పక చేయిస్తే మోకాలు, చీలమండ దెబ్బలు బాగా తగ్గుతాయి. చేతులు గిరగిరా తిప్పి, రెండు గెంతులు గెంతి అయిందనిపించేది వార్మప్ కాదు.

ఎనిమిది వారాలు ఎక్కడున్నాయని ప్రిన్సిపాళ్లు అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. ఆన్‌లైన్ ప్రవేశాలు సాగిసాగి ఫస్టియర్ వాళ్లు క్లాసులో కూర్చునేసరికి ఆగస్టో సెప్టెంబరో అవుతుంది. ఆ వచ్చేవాళ్లలో చాలామంది ఇంటర్ రెండేళ్లూ బంతి ముట్టనివాళ్లే. పదో తరగతిలో బాగా ఆడినవాడు పద్దెనిమిదేళ్లకు కొత్తగా మొదలుపెట్టినవాడితో సమానమైపోతాడు. అందుకే ఫస్టియర్ కోసం ఆగకూడదు. సెకండియర్, ఫైనలియర్ పిల్లకాయలతో జులైలోనే మొదలుపెట్టి, కొత్తవాళ్లను వచ్చినప్పుడు వచ్చినట్టు కలుపుకోవాలి. బుచ్చి, పొదలకూరు, ఆత్మకూరు వైపు వెళ్లేవాళ్లకు సాయంత్రం బస్సు దాటిపోతుంది కాబట్టి ప్రాక్టీసు మూడున్నరకు మొదలై అయిదుకు ముగియాలి. ఆరింటిదాకా పెడితే మూడో రోజు నుంచి హాస్టలు పిల్లకాయలే మిగులుతారు.

జులై అనడానికి ఇంకో కారణం వాన. నెల్లూరు జిల్లాకు ఏడాది వానలో సగానికి పైనే ఈశాన్య రుతుపవనాలతో, అంటే అక్టోబరు నుంచి డిసెంబరు మధ్య పడుతుంది. మన పోటీలూ, సెమిస్టరు పరీక్షలూ, తుపాన్లూ అన్నీ ఆ మూడు నెలల మీదే పడతాయి. నైరుతి కాలంలో నేల ఆరి ఉంటుంది, అప్పుడు మనం ఊరుకుంటాం. నీళ్లు నిలిచాక ప్రాక్టీసుకు దిగుతాం.

ఇక ఆ నేల సంగతి. వాన వెలిసిన మర్నాడు గోల్ పోస్టుల ముందు చూడండి. కీపర్ అటూ ఇటూ జరిగిన మేర, ఎనిమిది మీటర్ల పొడవున పళ్లెంలాంటి పల్లం. అందులో నీళ్లు, నీళ్ల కింద జారుడు బంక. నేల బంతి దూసుకొచ్చి అక్కడ చటుక్కున ఆగుతుంది. కీపర్ దాని కోసం ముందే వంగి ఉంటాడు, కాలు జారుతుంది, ఎదుటివాడు తీరిగ్గా తోసేస్తాడు. స్టాండులో ఉన్నవాళ్లు కీపర్‌ను తిడతారు. ఆ గోల్ వేయించింది నేల.

బాగు చేయడం పెద్ద ఖర్చు కాదు. గోల్ ముందు 8 మీటర్లు, 6 మీటర్లు మేర నాలుగంగుళాల లోతు తవ్వి, వచ్చిన మట్టిలో సగం తీసేసి, మిగిలిన సగానికి ఇసుక కలిపి నింపాలి. ఒక్కో గోల్‌కు దాదాపు ఒక ట్రాక్టర్ ట్రక్కు ఇసుక పడుతుంది. నాలుగు తట్టల ఇసుక పైపైన చల్లితే ఎండాక బంకమట్టితో కలిసి ఇటుకలా గట్టిపడుతుంది, చల్లకపోవడమే నయం. తడి నేల మీద రోలరు అసలు తిప్పకూడదు. తిప్పితే నీరు ఇంకే సందులు మూసుకుపోతాయి. మైదానం మధ్య కాస్త ఎత్తుగా ఉండి రెండు టచ్‌లైన్ల (పొడవాటి అంచు గీతల) వైపు మీటరుకు ఒక సెంటీమీటరు వాలు ఉండాలి. 60 మీటర్ల వెడల్పు ఉంటే మధ్యకూ అంచుకూ తేడా 30 సెంటీమీటర్లు. టచ్‌లైను బయట ఒక కాలువ. ప్రాక్టీసు గోల్స్‌ను మైదానానికి అడ్డంగా పెట్టుకుంటే అసలు గోల్ ముందు నేల మిగులుతుంది. గీతలకు ఘాటు సున్నం వద్దు, దోక్కుపోయిన మోకాలికి తగిలితే కాలుస్తుంది. ముగ్గుపిండి చాలు. సభలకూ ఎగ్జిబిషన్లకూ మైదానం ఇచ్చే యాజమాన్యాలు షామియానా గుంజల గుంతలు పూడ్పించే షరతు రసీదు మీదే రాయించుకోవాలి. గడ్డి కప్పేసిన ఆ గుంతలోనే చీలమండ మెలిపడేది.

దమ్ము తర్వాత మనల్ని ముంచేది ఆగిన బంతి, అంటే కార్నర్, ఫ్రీ కిక్, త్రో లాంటివి. కార్నర్ పడిందంటే పెనాల్టీ బాక్సులో మనవాళ్లు ఎనిమిది మంది ఉంటారు, ఎవడి మనిషి ఎవడో ఎవడికీ తెలియదు. దగ్గరి పోస్టుకు ఒకడు, బాక్సు అంచున తిరిగొచ్చే బంతికి ఒకడు, పొడగరి సరిగ్గా గోల్ ఎదుట, మిగతావాళ్లకు తలా ఒక మనిషి. ఇది పేర్లతో సహా కాగితం మీద రాసి డ్రెస్సింగ్ రూములో అంటించాలి. వారానికి ఇరవై కార్నర్లు ఆడిస్తే చాలు. త్రో (బయటికెళ్లిన బంతిని చేతులతో విసరడం) విషయం ఇంకా ఘోరం. త్రో, కార్నర్, గోల్ కిక్ నుంచి నేరుగా వచ్చిన బంతికి ఆఫ్‌సైడ్ (మన డిఫెండర్లను దాటి ముందే నిలబడిన తప్పు) లేదు. మన స్టాపర్లు ఇప్పటికీ త్రో పడగానే చెయ్యెత్తి రెఫరీ వైపు చూస్తారు. ఆ చెయ్యి దిగేలోపు గోల్ అయిపోతుంది. ఫుట్‌బాల్ చట్టాలు పదిహేడే. వాన రోజున క్లాసురూములో ఒక గంట కూర్చోబెట్టి చెప్పొచ్చు.

బంతి సంగతి క్లుప్తంగా. అయిదో నంబరు బంతి బరువు 410 నుంచి 450 గ్రాములు, చుట్టుకొలత 68 నుంచి 70 సెంటీమీటర్లు, గాలి 8.5 నుంచి 15.6 పీఎస్‌ఐ మధ్య ఉండాలి. బొటనవేలితో నొక్కి సరిపోయిందనుకోవడం మాని ఒక గేజి కొనాలి. సూదిని తడిపి గుచ్చితే వాల్వు చిరగదు. పదకొండు మందికి రెండు బంతులుంటే తొమ్మిది మంది నిలబడి చూస్తారు. ఇద్దరికొకటి ఉండాలి.

ఫుట్‌బాల్ మన ఆట కాదనే మాట కూడా వినబడుతోంది. 1962 జకార్తా ఆసియా క్రీడల్లో భారత్‌కు స్వర్ణం తెచ్చిన కోచ్ సయ్యద్ అబ్దుల్ రహీం హైదరాబాదువారు, ఉపాధ్యాయుడు. డ్రిబ్లింగ్ (బంతిని కాలితో నడిపించుకుంటూ వెళ్లడం) చేయకూడదనీ, బలహీనమైన కాలితోనే కొట్టాలనీ షరతులతో పోటీలు పెట్టినవారాయన. ఏడుగురేసి రెండు జట్లు చేసి, పది నిమిషాలు ఎడమ కాలితోనే ఆడించడానికి ఏ బడ్జెటూ అక్కర్లేదు. మన జట్లలో ఎడమ వైపు దాడి ఎందుకుండదో మొదటి రోజే కనబడుతుంది.

పీడీని మార్చాలా వద్దా అనేది తేల్చడానికీ ఒక పద్ధతుంది. వంద పేజీల నోటుబుక్కు తీసుకుని పడిన ప్రతి గోల్‌కూ నాలుగు గళ్లు నింపాలి: ఎన్నో నిమిషం, ఆటలోనా ఆగిన బంతికా, ఏ వైపు నుంచి, బంతి ఎవరి దగ్గర పోయింది. గోల్స్ అన్నీ 70 తర్వాతే అయితే తప్పు జులైది. కార్నర్లయితే శిక్షణది. ఎప్పుడూ ఒకే వైపు నుంచైతే ఎంపికది. ఈ పుస్తకం లేకుండా వేటు వేస్తే, కొత్తగా వచ్చే పీడీ కూడా అక్టోబరులోనే క్యాంపు పెడతాడు.

సంక్రాంతి సెలవులయ్యాక వెంటనే చేయదగ్గది గోల్స్ ముందు మట్టి పని. వానలు వెనకబట్టాయి, నేల ఇంకా పదును మీదుంది. మార్చి వచ్చిందంటే ఆ బంకలో గడ్డపార దిగదు.

– విశ్రాంత వ్యాయామ అధ్యాపకుడు, నెల్లూరు