ఆ ఇళ్ల కప్పు గురించి కూడా రాయాల్సింది

సంపాదకులకు,

ఆదివారం సంచికలో ఇంగ్లండ్‌లోని బైబరీ గ్రామం మీద వేసిన వ్యాసం చదివాను. అర్లింగ్టన్ రో అనే రాతి ఇళ్ల వరుస ఫొటో చాలా బాగుంది. కానీ వ్యాసమంతా సెల్ఫీ ఎక్కడ దిగాలి, కాఫీ ఎక్కడ తాగాలి అన్నదే. కట్టడం గురించి ఒక్క ముక్కా లేదు. బేతంచెర్లలో తాపీపని చేసి బతికినవాణ్ణి, నాకు మనసొప్పలేదు. మా అమ్మాయి ఆ దగ్గర్లోని స్విండన్ పట్టణంలో ఉండటంవల్ల ఆ ఇళ్లను దగ్గరగా చూశాను.

అక్కడ ముందు చూడాల్సింది కప్పు. అవి పెంకులు కావు, సున్నపురాతి పలకలు. చూరు దగ్గర పెద్దవి, పైకి పోయేకొద్దీ చిన్నవి, కొప్పు దగ్గర మరీ చిన్నవి. వాన నీరంతా చివరికి చూరుకే చేరుతుంది, అక్కడ అతుకులు తక్కువుండాలి. పెద్ద రాళ్ల బరువు గోడ మీదికి పోతే పైనున్న కట్టెకు భారం తగ్గుతుంది. గనిలో వచ్చిన చిన్న పలక కూడా వృథా కాదు. పూర్వం ఒక్కో పలకకు చిల్లు పొడిచి చెక్క మేకుతో తగిలించేవారట. పలకలు గరుకు, నీరు నిలిస్తే పీల్చుకుంటాయి, అందుకే అంత ఏటవాలు. మా నాపరాయీ సున్నపురాయే. వానలు తక్కువ కాబట్టి మేం దాదాపు చదునుగా పరుస్తాం.

అక్కడికి అంత దూరం కాని స్టోన్స్‌ఫీల్డ్ అనే ఊళ్లో తవ్విన రాయిని తడిగా ఉంచి చలికాలం ఆరుబయట వదిలేసేవారట. లోపలి తేమ గడ్డకట్టి పొరలు వాటంతటవే విడిపోయేవి. ఉలి పట్టిన ఎవరికైనా ఈ సంగతి వింటే చేతులెత్తి మొక్కాలనిపిస్తుంది.

1380 ప్రాంతంలో ఈ అర్లింగ్టన్ రో మఠంవారి ఉన్ని గిడ్డంగి. 17వ శతాబ్దంలో దాన్నే నేతగాళ్ల ఇళ్లుగా మార్చారు. ఒకే పొడవాటి కొట్టాన్ని ఇళ్లుగా విడగొట్టారు కాబట్టే ఒక ముక్కోణపు గోడకు, పక్కదానికి పొంతన ఉండదు. ఆ తేడాలోనే దాని అందమంతా ఉందని నా నమ్మకం. ఎదురుగా ఉన్న పచ్చిక బయలు ర్యాక్ ఐల్‌లో బట్టను చట్రాలకు కట్టి ఆరబెట్టేవారు.

ఇప్పుడా ఇళ్లు పాత కట్టడాలను కాపాడే నేషనల్ ట్రస్ట్ అనే సంస్థ చేతిలో ఉన్నాయి. వాటిలో మనుషులు కాపురముంటున్నారు. కిటికీల్లోకి తొంగిచూడొద్దని మీ పాఠకులకు ఒక్కమాట చెప్పండి.

ఇంకో మనవి. బేతంచెర్ల, బనగానపల్లె వైపు నాపరాళ్లు కప్పిన పాత ఇళ్లను పడగొట్టి స్లాబులు వేస్తున్నారు. మీ ఫొటోగ్రాఫర్‌ను ఒకసారి ఇటు పంపండి. కప్పు ఎలా పరిచారో, దూలానికి దూలానికి మధ్య ఎంత ఎడం వదిలారో చెప్పగల పాత మేస్త్రీలు ఇంకా ఉన్నారు. వాళ్ల దగ్గరికి నేను తీసుకెళ్తాను.

– ఒక తాపీ మేస్త్రీ, బేతంచెర్ల, నంద్యాల జిల్లా