డిసెంబరు 26న ప్రసంగం వద్దు

సంపాదకుల వారికి,

క్రిస్మస్ మర్నాడు మీ పేపర్లో, లోపలి పేజీలో సునామీ గురించి చిన్న వార్త చూశాను. నాలుగు లైన్లు. మా చర్చిలో ఆ మాత్రం కూడా ఎవరూ తలచుకోలేదు కాబట్టి మిమ్మల్ని తప్పు పట్టలేను. మావాళ్ళు ఆ పొద్దున్న షామియానా, కుర్చీలు లెక్కపెట్టి తిరిగి పంపే హడావిడిలో ఉన్నారు.

2004 డిసెంబరు 26 ఆదివారం, పౌర్ణమి. అప్పుడు నేను విశాఖ పోర్టులో ఉద్యోగిని, ఉండేది వన్‌టౌన్‌లో. ఆరున్నర దాటాక మంచం కదిలితే మా ఆవిడ నన్నే కసిరింది. సుమత్రా దగ్గర భూమి కంపించిందని టీవీలో చూసేదాకా మాకు తెలీదు. ఆరాధన మధ్యలో ఒక కుర్రాడు హార్బర్ వైపు నుంచి పరిగెత్తుకొచ్చి, "నీళ్ళు ఒకపాలి లోపలికొస్తన్నాయి, ఒకపాలి ఎనక్కి పోతన్నాయి" అన్నాడు. సునామీ అనే మాట మాలో ఒక్కరికీ తెలీదు. సగం మంది వింత చూడ్డానికి అటే వెళ్ళారు!

మా పక్కింటి అక్కావాళ్ళు కేథలిక్కులు. మొక్కు తీర్చుకోవడానికి ముగ్గురూ క్రిస్మస్‌కి తమిళనాడులో నాగపట్నం దగ్గర, సముద్రం ఒడ్డున ఉన్న వేళాంగణి మాత చర్చికి వెళ్ళారు. వెళ్తూ తాళంచెవి నా చేతిలో పెట్టి, "తమ్ముడూ, రోజూ సాయంత్రం స్టార్ వెయ్యి, పొద్దున్నే ఆర్పెయ్యి. పండగపూట ఇల్లు చీకటిగా ఉండకూడదు" అంది. బావగారు, అబ్బాయి తిరిగొచ్చారు. అక్క రాలేదు. శవం కూడా దొరకలేదు. ఆదివారం సాయంత్రం నేను వేసిన స్టార్ సోమవారం ఆర్పడానికి చేతులు రాలేదు. ఎర్ర కాగితం, ఒక కొన దగ్గర చిరుగు, లోపల నలభై వాట్ల బల్బు. పగలూ రాత్రీ వెలిగింది. సంక్రాంతి దగ్గర పడుతుండగా దానంతటదే మాడిపోయింది.

తర్వాత ఒక ఉజ్జీవ కూటంలో, ఒక బోధకుడు ఇదంతా దేవుడి ఉగ్రత అని మైకులో అరిచాడు. బావగారు నా పక్క కుర్చీలోనే ఉన్నారు. మాటా పలుకూ లేకుండా లేచి, చెప్పులేసుకుని వెళ్ళిపోయారు. దేశంలో పదివేల మందికి పైగా పోయారు. ఒక్క నాగపట్నం జిల్లాలోనే ఆరు వేలకు పైగా, మన రాష్ట్రంలో వంద మందికి పైగా. అందులో చంటిపిల్లలెంతమందో! ఈయన ఉగ్రత ఎవరి ఖాతాలో రాశాడు? సిలోయాములో గోపురం కూలి 18 మంది చనిపోతే, వాళ్ళు మిగతావాళ్ళ కంటే పాపులనుకుంటున్నారా అని ప్రభువే అడిగాడు. ఆ పేజీ ఈయన బైబిల్లో లేదేమో.

మా చర్చి పాస్టరు అయ్యగారు అలాంటివారు కాదు. అక్క కోసం పెట్టిన ఆదరణ కూడికలో కొత్త ఆకాశం, కొత్త భూమి గురించి చదువుతూ, సముద్రం ఇక లేదన్న చోటికొచ్చారు. వెనక కూర్చున్న, చేపలు పట్టేవాళ్ళుండే జాలారిపేట మామ్మ ఒకావిడ లేచింది. "సముద్రం లేకపోతే మేమేటి తింటాం అయ్యగారూ?" ఎవరూ నవ్వలేదు. అయ్యగారు బైబిలు మూశారు. "నాకూ తెలీదు మామ్మా" అన్నారు. వచ్చి బావగారి పక్కన కూర్చుని, చెయ్యి పట్టుకుని పాట ఎత్తుకున్నారు. చిన్నప్పట్నుంచీ ప్రసంగాలు వింటున్నాను, నాకు దన్నుగా నిలబడినవి ఆ మూడు మాటలే.

పునరుత్థానాన్ని నమ్ముతాను. అక్కని చూస్తాననీ నమ్ముతాను. మా చర్చి భాషలో ఆశని నిరీక్షణ అంటాం, అంటే ఎదురుచూడ్డం. కేథలిక్కులు పోయినవాళ్ళని తలచుకునే నవంబరు 2న అందరూ సమాధుల దగ్గరికి వెళ్తే, సమాధి లేని బావగారు బంతిపూల దండ పట్టుకుని ఆర్కే బీచ్‌కి వెళ్ళేవారు. విసిరిన దండని అల మళ్ళీ ఒడ్డుకే తెచ్చేది. ఆయన వంగి తీసి, ఇసుక దులిపి, మళ్ళీ వేసేవారు. అలా ఎన్నిసార్లో. నేను గట్టుమీద కూర్చుని చూసేవాణ్ణి.

2007లో హైదరాబాద్‌లో సునామీ హెచ్చరికల కేంద్రం వచ్చింది. 2012 ఏప్రిల్ 11న సుమత్రా దగ్గర మళ్ళీ పెద్ద భూకంపం వస్తే, ఈసారి మన తీరానికి ముందే కబురందింది. ఆ రోజు స్తోత్రం చెప్పుకున్నాను. కంప్యూటర్లకి స్తోత్రం ఏంటి నాన్నా అని మావాడు నవ్వాడు. నవ్వనీ.

విశాఖ చర్చిల పెద్దలకి మీ పేపర్ ద్వారా నా మనవి ఒకటే. వచ్చే డిసెంబరు 26న, ఉదయం తొమ్మిదింటికి, ఐదు నిమిషాలు ఆగండి. ఎందుకు జరిగిందో ఎవరూ చెప్పొద్దు. జాలారిపేటవాళ్ళని ముందు వరసలో కూర్చోబెట్టి, పోయినవాళ్ళ పేర్లు చదవండి.

ఆ పేర్లు మీరు వెయ్యగలరా? మన రాష్ట్రంవాళ్ళవైనా చాలు. నాలుగు లైన్లలో పట్టవు గానీ, అర పేజీలో సరిపోతాయి.

ఇట్లు,
ఒక రిటైర్డ్ పోర్టు ఉద్యోగి,
వన్‌టౌన్, విశాఖపట్నం