పరిష్కారం కాకుండానే మీరు మూసేసిన నా ఫిర్యాదు గురించి

అజిత్ సింగ్ నగర్,
విజయవాడ.

కస్టమర్ కేర్ మేనేజర్ గారికి,

నమస్కారం. మీ వాళ్ళకి ఇప్పటికి ఆరుసార్లు ఫోన్ చేశాను. చేసిన ప్రతిసారీ కొత్త మనిషి, నాది మళ్ళీ మొదటినుంచీ పురాణం. ఫోన్‌లో చెబుతుంటే మధ్యలో హోల్డ్‌లో పెట్టి సంగీతం వినిపిస్తున్నారు కాబట్టి ఈసారి కాగితం మీద రాస్తున్నాను.

మీ దగ్గర కొన్న గాజు ట్యాంకు తలుపు పగిలి వచ్చింది. గాజన్నాక పగులుతుంది, దాని గురించి నాకు పేచీ లేదు. పేచీ అంతా ఆ తర్వాతదే.

మా అబ్బాయి ఒక ఆడ లెపర్డ్ గెకోని పెంచుతున్నాడు. మా మేనల్లుడు చదువుకి కెనడా వెళ్తూ తన మగదాన్ని కూడా మాకే అప్పగించాడు. "రెండిటినీ ఒకచోట ఉంచొద్దత్తా, మగది దాన్ని బతకనివ్వదు" అని రైలెక్కేదాకా చెబుతూనే ఉన్నాడు. అందుకే ఈ రెండో ట్యాంకు.

మొదటిసారి ఫోన్ ఎత్తినాయన "లెపర్డ్ అంటే చిరుతా మేడమ్?" అన్నాడు. బల్లి జాతి నాయనా అని చెప్పి, అడిగినట్టే వీడియో పంపాను. రెండు రోజులకి ఒకమ్మాయి ఫోన్ చేసి, ట్యాంకు నిండా నీళ్ళు పోసి ఎక్కడ కారుతోందో వీడియో తీయమంది. ఇవి రాళ్ళూ రప్పలూ ఉండే ఎండు నేలల్లో బతికేవి తల్లీ, చేపలు కావు అన్నాను. "ప్రాసెస్ అదే మేడమ్" అంది. సరే, తలుపు పగిలిన ట్యాంకుని బాత్రూమ్‌లో పెట్టి, అబ్బాయి ఫోన్ పట్టుకుంటే నేను బకెట్లతో నీళ్ళు పోశాను. నా చీర తడిసింది, మీ ప్రాసెస్ మాత్రం కదల్లేదు.

తర్వాత, ట్యాంకు తీసుకెళ్ళడానికి మనిషి వస్తాడన్నారు. పొద్దున్నుంచీ గుమ్మంలోనే కూర్చున్నాను. సాయంత్రం "కస్టమర్ అందుబాటులో లేరు" అని మెసేజ్! మరి ఆ గుమ్మంలో కూర్చున్నది ఎవరో మీరే చెప్పాలి.

నాలుగోసారి, మగదాన్ని ప్లాస్టిక్ డబ్బాలో ఉంచాం, దానికి అడుగునుంచి వేడి తగలాలి, డబ్బాలో కుదరట్లేదు అని మొత్తుకున్నాను. "అంతవరకూ రెండిటినీ కలిపి ఉంచేయండి మేడమ్, ఒకదానికొకటి తోడుగా ఉంటాయి" అన్నాడు మీ అబ్బాయి. మీది కస్టమర్ కేరా, మ్యారేజీ బ్యూరోనా?

నా బుద్ధి గడ్డి తిని ఆ మాట విన్నాను. అయిదు రాత్రులు కలిపి ఉంచాం. మగది తోక కొస గలగలలాడిస్తూ వెంటపడటమే పని. ఆడదాని మెడ మీద పంటిగాట్లు పడ్డాయి. లావుగా ఉండే తోక సన్నబడిపోయింది. దాని కొవ్వంతా ఆ తోకలోనే ఉంటుంది మరి. వంటింటి త్రాసు మీద పెడితే 38 గ్రాములు. విడదీశాం గానీ అప్పటికే ఆలస్యమైంది. మొన్న మా అబ్బాయి దాన్ని అరచేతిలో పెట్టుకుని టార్చి వేస్తే, పొట్ట చర్మంలోంచి తెల్లగా రెండు గుడ్లు కనిపించాయి. దానికింకా ఏడాది నిండలేదు. తిండిలో కాల్షియం చాలకపోతే ఒంట్లో ఎముకల్లోంచే లాగి గుడ్లకి పెడుతుందని డాక్టరు గారు పొడి రాశారు. మగది ఇక దగ్గరికి రాకపోయినా ఈ సీజన్లో మళ్ళీ మళ్ళీ గుడ్లు పెట్టొచ్చట.

ఇదంతా మీ అయిదో మనిషికి చెబితే ఏమన్నాడో తెలుసా? "గుడ్లు మా పాలసీలో కవర్ కావు మేడమ్." ఆరోసారి ఎవరూ ఏమీ అనలేదు, లైన్ కట్టయింది. ఆ రాత్రే "మీ సమస్య పరిష్కారమైంది, మాకు రేటింగ్ ఇవ్వండి" అని మెసేజ్ వచ్చింది.

2018 నుంచీ మా నాన్నగారి చేపల మేత మీ దగ్గరే కొంటున్నాం. 2024 సెప్టెంబరులో బుడమేరు మా వీధిలోకి వచ్చినప్పుడు మీ పార్సిల్ మూడు వారాలు ఆలస్యమైంది. పాపం వాళ్ళు మాత్రం ఏం చేస్తారు అనుకుని ఒక్క ఫోన్ చేయలేదు. ఆ "పాపం" మీ నోట ఒక్కసారైనా వస్తుందేమోనని ఆరు ఫోన్లూ చూశాను.

ట్యాంకు మారుస్తారో డబ్బు వెనక్కిస్తారో మీ ఇష్టం. డాక్టరు ఫీజు సంగతి మీ మర్యాదకే వదిలేస్తున్నాను. ముందు మాత్రం, కలిపి ఉంచమన్న ఆ సలహా తప్పని ఒప్పుకునే మనిషి ఒకరు నాకు ఫోన్ చేయాలి. వారం చూస్తాను. ఆ తర్వాత వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేస్తాను, జిల్లా వినియోగదారుల కమిషన్‌కీ వెళ్తాను. బాత్రూమ్‌లో నీళ్ళు పోసిన వీడియో కూడా పట్టుకెళ్తాను. మీరు అడిగిందే కదా.

ఇట్లు,
ఇంకా వారం పాటు మీ కస్టమర్