భీమవరం కుళాయి నీళ్ళ గురించి అమ్మలుకి

అమ్మలూ,

ఇక్కడ అందరం కులాసా. మొన్న చిన్నత్త వచ్చి, అక్కడి నీళ్ళు సయించక నువ్వు రోజుకి రెండు గ్లాసులైనా తాగడం లేదని చెప్పి వెళ్ళింది. నువ్వు ఫోన్లో ఆ మాటే ఎత్తలేదు. సరే, ఆ సంగతి తర్వాత.

పండుగాడి సీసాలు మరిగించే గిన్నె అడుగున తెల్లగా పేరుకుంటోందని అమ్మతో అన్నావట. అది మురికి కాదు, సున్నం. నీళ్ళలో బైకార్బొనేటుగా కరిగి ఉన్న కాల్షియం, మరిగించగానే కార్బొనేటై అడుక్కి దిగుతుంది. చల్లార్చి పైతేట వంచుకుంటే ఆ మేరకు నీళ్ళ కఠినత్వం, అంటే కాల్షియం, మెగ్నీషియం లవణాల పాలు, తగ్గుతుంది. క్లోరైడ్లు, సల్ఫేట్ల రూపంలో ఉన్నది ఎంత మరిగించినా పోదు. ఉప్పదనం అసలే పోదు. మీ అపార్టుమెంటు బోరులో కఠినత్వం, ఉప్పదనం రెండూ కలిసే ఉంటాయి, సముద్రం వైపు డెల్టా భూమి కింద నీళ్ళు ఉప్పన కాబట్టి. పటిక తిప్పినా, చిల్లగింజ అరగదీసినా కాలవ నీళ్ళ మడ్డి దిగుతుంది గాని కఠినత్వం తగ్గదు. మీ అత్తగారికి నెమ్మదిగా చెప్పు, ఎదురు చెప్పినట్టు కాకుండా.

ఆ బోరు నీళ్ళు తాగితే కిడ్నీలో రాళ్ళొస్తాయని ఎవరో చెప్పారట, అందుకే మానేశావట. ప్రపంచ ఆరోగ్య సంస్థ కఠినత్వానికి ఆరోగ్యపరమైన హద్దేదీ పెట్టలేదు. మన దేశపు తాగునీటి ప్రమాణం ఐఎస్ 10500 లీటరుకి 200 మిల్లీగ్రాముల లోపు ఉండాలని, వేరే దారి లేకపోతే 600 దాకా ఫరవాలేదని అంటుంది. రాళ్ళకి పెద్ద కారణాల్లో ఒకటి తక్కువ తాగడమే. మూత్రం చిక్కబడితే లవణాలు గడ్డకడతాయి. రుచి నచ్చకపోతే కింద మున్సిపాలిటీ కుళాయి ఉంది కదా, అది వచ్చే వేళకి రెండు బిందెలు పట్టించి కాచుకో. వేసవిలో కాలవలు కట్టేశాక నిలవ చెరువు నీళ్ళే వస్తాయి గనక అప్పుడు కాచడం అసలు మానకు.

కందిపప్పుకీ మున్సిపాలిటీ నీళ్ళే వాడు. బోరు నీళ్ళలో కాల్షియం పప్పులోని పెక్టిన్ అనే జిగురు పదార్థాన్ని బిగిస్తుంది, అందుకే ఎన్ని విజిల్స్ వచ్చినా పలుకు మిగులుతుంది. గంట నానబెట్టి, పప్పు మెత్తబడ్డాకే చింతపండు వెయ్యి.

గీజరు చిటపటమంటోందన్నావు. కొత్తపేట బాబాయి వాళ్ళది అచ్చం ఇలాగే మొదలైంది. నీళ్ళు ఆలస్యంగా కాగుతున్నాయని డయలు చివరికంటా తిప్పేశాడు. వేడి పెరిగేకొద్దీ సున్నం ఇంకా ఎక్కువ దిగుతుంది. కాయిలు మీద పెంకు కట్టింది, వేడి నీళ్ళలోకి పోయే దారి లేక కాయిలు మాడింది. కరెంటు బిల్లు పెరిగినప్పుడైనా విప్పి చూడాల్సింది. రిపేరుకొచ్చిన కుర్రాడు త్వరగా అయిపోతుందని ట్యాంకులో బాత్రూం యాసిడ్ పోశాడు. అది హైడ్రోక్లోరిక్ ఆమ్లం, స్టీలునీ రాగినీ కూడా తినేస్తుంది. కొత్త కాయిలు వేసిన కొన్నాళ్ళకే అతుకు దగ్గర కారడం మొదలై ట్యాంకే మార్చాల్సి వచ్చింది.

మీది విప్పేటప్పుడు అల్లుడుగారిని పక్కన ఉండమను. ఎంసీబీ, అంటే గీజరుకి కరెంటు ఆపే మీట, దించాలి, చన్నీళ్ళ వాల్వు కట్టాలి, ట్యాంకు ఖాళీ చేసి అడుగు ప్లేటు బోల్టులు విప్పాలి. లీటరు గోరువెచ్చని నీళ్ళకి 50 గ్రాముల నిమ్మఉప్పు కలిపి, టెర్మినళ్ళు తడవకుండా కాయిలు అందులో ముంచి, బుడగలు ఆగేదాకా ఉంచాలి. పెంకుని స్క్రూడ్రైవరుతో గీకనివ్వకండి. ట్యాంకు తుప్పు పట్టకుండా తాను అరిగే మెగ్నీషియం రాడ్డు సగానికి అరిగితే మార్చాలి, గాస్కెట్టు ఎలాగూ కొత్తదే వేయించాలి. తిరిగి బిగించాక వేడినీళ్ళ కుళాయిలోంచి ధార నిండుగా పడితేనే స్విచ్చి వెయ్యాలి, ఖాళీ ట్యాంకులో కాయిలు క్షణాల్లో పోతుంది. డయలు 55, 60 డిగ్రీల మధ్య చాలు.

జుట్టు రాలుతోందని కూడా విన్నాను. సబ్బు, కాల్షియం కలిసి జిడ్డుపొరలా పట్టేసి వెంట్రుక గరుకై తెగుతుంది. కుంకుడురసం అలా విరగదు. ఆఖరి రెండు చెంబులు మంచినీళ్ళు పోసుకో. కుదుళ్ళతో సహా ఊడుతుంటే మాత్రం డాక్టరుకి చూపించు. తిండీ నీళ్ళూ సరిగా లేకపోతే జుట్టేం నిలుస్తుంది?

బట్టలకి ముందు చాకలిసోడా కలిపి పది నిమిషాలాగి తర్వాత సర్ఫు వెయ్యి. కఠినత్వం 500 ఉందనుకుంటే 20 లీటర్ల బకెట్టుకి పొడిసోడా 11 గ్రాములు పడుతుంది. పట్టుచీరలకి వద్దు.

సాఫ్ట్‌నర్ పెట్టిస్తే ఉప్పునీళ్ళు మంచినీళ్ళవుతాయని ఎవరైనా అంటే నమ్మకు. అది కాల్షియం తీసి సోడియం ఇస్తుంది, ప్రతి 100 మిల్లీగ్రాముల కఠినత్వానికీ 46 మిల్లీగ్రాముల సోడియం. మీ మావగారికి బీపీ, తాగడానికి ఆ నీళ్ళు పనికిరావు. టీడీఎస్ మీటరు మొత్తం లవణాలనే చూపిస్తుంది, అందులో కఠినత్వమెంతో చెప్పదు.

రోజుకెన్ని గ్లాసులు తాగుతున్నావో నువ్వే ఫోన్ చేసి చెప్పు, చిన్నత్త చేత కాదు. ఆదివారం పెద్దాడు అటు వస్తాడు. బోరు కుళాయి ఐదు నిమిషాలు వదిలి, లీటరు సీసాని ఆ నీళ్ళతోనే మూడుసార్లు తొలిచి, గాలి మిగలకుండా నింపి వాడికివ్వు. మున్సిపాలిటీవి ఇంకో సీసాలో పట్టు. రెండిటి మీదా ఏది ఏ కుళాయిదో, పట్టిన తేదీ ఏమిటో రాయి. ఇక్కడ ల్యాబులో నేను చూపిస్తాను.

మీ నాన్న