తుపాను దారి ఒక్క గీత కాదు

సంపాదకులకు నమస్కారం.

తుపాను అనగానే మా బందరులో అందరి ఫోన్లలో ఒకటే బొమ్మ తిరుగుతుంది: సముద్రంలోంచి తీరానికి గీసిన ఒక గీత. 'గీత కాకినాడ వైపు పోయింది, మనకేం భయం లేదు' అని పడవలు ఒడ్డుకు లాగకుండా వదిలేసినవాళ్లను కళ్లారా చూశాను. వాతావరణ శాఖ ఇచ్చే పటంలో ఆ గీతకు అటూ ఇటూ గరాటులా విప్పారే భాగం ఉంటుంది. తుపాను కేంద్రం అందులో ఎటైనా జరగొచ్చు. పైగా మన తీరంలో ఉప్పెన ఎక్కువగా లేచేది కేంద్రానికి, అది కదిలే దిశలో చూస్తే, కుడివైపు, అంటే ఉత్తరాన.

2013 నవంబరులో లెహర్ తీరం చేరేలోపే బలహీనపడింది. అప్పటినుంచి 'ఇదీ అంతేలే' అనే మాట మొదలైంది. మరుసటి ఏడాది అక్టోబరు 12న హుద్‌హుద్ ముందే చెప్పినట్టు విశాఖను తాకింది.

1977లో దివిసీమ ఉప్పెన రాత్రి మా నాయనమ్మ తాటిచెట్టును కరుచుకుని బతికింది. ఆ మట్ట గీరిన మచ్చలు చివరిదాకా ఆమె చేతుల మీదే ఉన్నాయి. అప్పట్లో ఇంత బాగా చెప్పేవాళ్లు లేరు, ఇప్పుడు చెప్తున్నా మనకు సరిగ్గా అర్థం కావడం లేదు.

దయచేసి మీ పత్రికలో గీత ఒక్కటే కాక, ఆ గరాటు మొత్తం వేయండి. రేవులో పదో నంబరు ప్రమాద హెచ్చరిక ఎగరేస్తే తీవ్ర తుపాను ఆ రేవు మీదుగానో దగ్గరగానో దాటుతుందని అర్థం. ఆ ముక్క కూడా పటం కిందే రాయండి.

– ఒక పాఠకుడు, మచిలీపట్నం