స్కూలు ఫొటోలకూ ఒక కాగితం ఉండాలి

సంపాదకులు గారికి నమస్కారం.

ఏటా జూన్‌లో బడులు తెరవగానే కొందరు తల్లిదండ్రులు మా స్టూడియోకి వచ్చి నిలదీస్తారు: "ఐడీ కార్డుకీ గ్రూప్ ఫొటోకీ కలిపి రెండొందలా? అంత రేటు ఎక్కడైనా ఉందా?" అందులో నా చేతికొచ్చేది 80 రూపాయలు. ఆ మాట చెప్పలేక నీళ్లు నములుతాను. చెబితే మళ్లీ ఏడాది ఆ స్కూలు గేటు నాకు తెరుచుకోదు.

22 ఏళ్లుగా ఈ పనిలో ఉన్నాను. పెళ్లిలో ఒక జంటను మూడు రోజులు తీస్తాం. బడిలో మూడు గంటల్లో నాలుగొందల మొహాలు తీయాలి. ప్రేయర్ అవగానే మొదలుపెట్టి, ఎండ నడినెత్తికి రాకముందే ముగించాలి. లేకపోతే కళ్ల కింద నల్లగా నీడ పడుతుంది. వరండాలో ఇద్దరు పిల్లలు నీలం గుడ్డ పట్టుకుంటే అదే బ్యాక్‌గ్రౌండ్. తలనిండా కొబ్బరినూనె, మొహంనిండా పౌడరు, ఫ్లాష్ పడితే నుదురు తళతళ. అందుకే నా బ్యాగులో లెన్సు కన్నా ముందు తుండుగుడ్డ సర్దుకుంటాను. టై మర్చిపోయినవాడికి ముందువాడి టై విప్పి తగిలిస్తాం. ఒకసారి అలా ఒకే టై పదిమంది మెడల్లో తిరిగింది. కార్డులు పక్కపక్కన పెట్టి చూస్తే దానిమీది ఇంకు మరక అందరికీ ఒకేచోట ఉంది! ఒకటో తరగతి పిల్లలు 'వన్, టూ, త్రీ' అంటే త్రీకి కచ్చితంగా కళ్లు మూస్తారు. నేను టూకే నొక్కేస్తాను. 'మావాణ్ణి కాస్త తెల్లగా చెయ్యి బాబూ' అనే అమ్మలకు మాత్రం కుదరదనే చెబుతాను. కార్డు చూసి పిల్లాణ్ణి గుర్తుపట్టొద్దూ?

సంతోషాలూ లేకపోలేదు. పోయిన వేసవిలో ఒకమ్మాయి పెళ్లి ఆర్డరు ఇవ్వడానికొచ్చి, ఫోన్‌లో తన ఐదో తరగతి గ్రూప్ ఫొటో చూపించింది. ముందు వరసలో బాసింపట్టు వేసుకుని కూర్చుంది. "ఆ రోజు నాకు చెప్పుల్లేవు. మీరే నా కాళ్లు కనపడకుండా తరగతి పేరు రాసిన పలక అడ్డం పెట్టారు" అంది. నాకు గుర్తే లేదు.

డబ్బు దగ్గరే వస్తుంది తంటా. ప్రైవేటు స్కూళ్లలో మొదటి ప్రశ్న 'మాకెంత ఇస్తావ్?' అనే. ఎక్కువ కమీషన్ ఇచ్చినవాడిదే పని. ఒక స్కూలు యాన్యువల్ డే డబ్బులు నాకు ఎనిమిది నెలలకు ఇచ్చింది, అదీ సగమే. సర్కారు బడిలో కమీషన్ లేదు, డబ్బూ లేదు. పదో తరగతి నామినల్ రోల్స్, అంటే పబ్లిక్ పరీక్ష రాసే పిల్లల జాబితా, పంపే గడువు రేపనగా, సెల్‌లో తీసిన ఫొటోలు మసకగా ఉన్నాయని హెడ్మాస్టరు గారు రాత్రిపూట ఫోన్ చేస్తారు. పొద్దున్నే వెళ్లి తీసి, కేబీల్లోకి కుదించి, ఆయన సొంత జేబులోంచి ఇచ్చినంత పుచ్చుకుని వస్తాను. ఆయన మాత్రం ఏం చేస్తారు?

ఇంకో సంగతి ఎవరికీ పట్టడం లేదు. ఐడీ కార్డుల కోసం స్కూళ్లు వాట్సాప్‌లో ఎక్సెల్ షీటు పంపుతాయి: పిల్లాడి పేరు, తండ్రి పేరు, ఫోన్ నంబరు, ఇంటి అడ్రసు, బ్లడ్ గ్రూపు. ఫొటోలు ఎలాగూ నా దగ్గరే ఉంటాయి. ప్రింటింగ్ అయ్యాక అవన్నీ తీసెయ్యమని ఇన్నేళ్లలో ఒక్క స్కూలూ అడగలేదు. 2023లో వచ్చిన డిజిటల్ డేటా చట్టం 18 ఏళ్లలోపు పిల్లల వివరాలకు తల్లిదండ్రుల సమ్మతి గురించి మాట్లాడుతోంది. నాతో ఒక సంతకం పెట్టించుకున్నవాళ్లు కూడా లేరు. నా అంతట నేను తీసేస్తున్నాను సరే, అందరూ తీసేస్తారని నమ్మకమేమిటి?

విద్యాశాఖ ఒక పేజీ ఒప్పందం నమూనా ఇస్తే చాలు. తల్లిదండ్రులు కట్టిన దాంట్లో ఫొటోగ్రాఫరుకెంత, స్కూలుకెంత అన్నది రసీదులో విడివిడిగా రాయాలి. డబ్బు ఎన్ని రోజుల్లో ఇస్తారో, పిల్లల వివరాలు ఎప్పటికల్లా చెరిపెయ్యాలో ఒప్పందంలో ఉండాలి. సర్కారు బడుల్లో పదో తరగతి ఫొటోల ఖర్చు స్కూలు గ్రాంటులోంచి పెట్టుకోవచ్చని ఒక్క ముక్క రాసిస్తే హెడ్మాస్టర్ల జేబుకి చిల్లు తప్పుతుంది.

ఈ ఉత్తరం అచ్చువేస్తే దయచేసి నా పేరు వేయకండి. వచ్చే నెలలో ఆ ఎనిమిది నెలల స్కూల్లోనే నాకు పని ఉంది.

— ఒక స్టూడియో ఫొటోగ్రాఫర్, తెనాలి