ఆ అంకె ఎక్కడిదో బాస్‌కి తెలుసా?

సంపాదకులకు నమస్కారం.

డిజిటల్ నైపుణ్యాలంటే చాలా సంస్థల్లో కింది ఉద్యోగులకు రెండ్రోజుల ట్రైనింగ్, సర్టిఫికెట్, గ్రూప్ ఫొటో, అంతే. పై కుర్చీల్లో ఉన్నవాళ్లు మాత్రం "అవన్నీ మా పిల్లలు చూసుకుంటారు" అనేస్తారు. నిర్ణయాలు తీసుకునేది వాళ్లే కదా, నా గొడవంతా వాళ్లతోనే.

2020లో బ్రిటన్‌లో కోవిడ్ పరీక్షల ఫలితాల్ని పాత రకం ఎక్సెల్ ఫైళ్లలోకి ఎక్కించారు. ఆ ఫార్మాట్‌లో షీటుకి 65,536 వరుసలే పడతాయి, పైగా ఒక్కో కేసుకి కొన్నేసి వరుసలు పట్టేవి. షీటు నిండిపోయాక మిగతావి చప్పుడు లేకుండా రాలిపోయాయి. సెప్టెంబర్ 25 నుంచి అక్టోబర్ 2 దాకా 15,841 పాజిటివ్ కేసులు రోజువారీ లెక్కలోకే రాలేదు, వాళ్లతో మెలిగినవాళ్లని వెతికి హెచ్చరించడం కూడా ఆలస్యమైంది. ఆ వారం గ్రాఫు చూసి మాట్లాడిన పెద్దలకి అందులో ఏం లేదో ఎలా తెలుస్తుంది?

ఇంకోటి. దేశం అప్పు జీడీపీలో 90 శాతం దాటితే వృద్ధి పడిపోతుందని 2010లో రైన్‌హార్ట్, రోగాఫ్ అనే ఇద్దరు ఆర్థికవేత్తలు రాస్తే, ఖర్చులు తగ్గించాలనే నాయకులకి అది బాగా పనికొచ్చింది. 2013లో ఒక పరిశోధక విద్యార్థి వాళ్ల దగ్గర్నుంచే అసలు షీటు తెప్పించుకుని చూస్తే, సగటు తీసే ఫార్ములాలో ఐదు దేశాలు కలవనే లేదు! (వాళ్ల లెక్క తేడా రావడానికి అదొక్కటే కారణం కాదు, వేరే అభ్యంతరాలూ ఉన్నాయి లెండి.) ఆ కుర్రాడు చేసిందల్లా ఫైలు అడిగి, తెరిచి, ఒక్కో గడీ చూడటం. నైపుణ్యం అంటే నా దృష్టిలో అదీ.

మన ఆఫీసుల్లో అలా అడిగితే "నమ్మకం లేదా" అని మొహం మాడ్చుకుంటారు. సంస్థకి సంబంధించిన లెక్కలన్నీ ఒకే ఒక్కడి ల్యాప్‌టాప్‌లో "ఫైనల్ కొత్తది 2" అనే పేరుతో ఉంటాయి, ఫలానా కాలమ్ ఎందుకు దాచాడో, ఏ నెల అంకెని చేత్తో మార్చాడో అతనికే తెలుసు, అతను మానేస్తే కొత్తగా వచ్చినవాడు అదే ఫైలుని భయంభయంగా కాపీ కొట్టుకుంటూ పోతాడు. ఇప్పుడు ఆ ఫైలునే ఏఐకి ఇచ్చి సారాంశం రాయించుకుంటున్నారు, తప్పుంటే అది ఇంకా నున్నగా కనిపిస్తుంది.

అందుకే పెద్ద నిర్ణయం ఏదైనా మీటింగ్‌కి వచ్చినప్పుడు స్లైడుతో పాటు అసలు షీటు కూడా తెరవాలి, ఏం వదిలేశారో, ఎవరు ఎప్పుడు మార్చారో సంతకం పెట్టేవాళ్లే అడగాలి. అడగటం రాకపోతే ఆ రెండ్రోజుల ట్రైనింగ్‌కి ముందు వాళ్లని పంపండి.

– ఒక పాఠకుడు